గారుకీ గాడుకీ మధ్య ఒక్క అక్షరం

పోయిన సంక్రాంతికి మా అమ్మ ఊరి నుంచి హన్మకొండలో మా ఇంటికి వచ్చింది. బస్సు దిగి గంట కాలేదు, కింద ఫ్లాట్‌లో ఉండే ఓనరమ్మ స్టీలు డబ్బా నిండా సకినాలు పట్టుకుని పైకొచ్చింది. "ఎప్పుడొచ్చినవక్కా? మంచిగున్నవా? తిను, పొద్దుగాలనే చేసిన" అంటూ డబ్బా అమ్మ చేతిలో పెట్టి, మోకాళ్ళ నొప్పుల గురించి పది నిమిషాలు మాట్లాడి వెళ్ళింది. తలుపు వేసి వచ్చేసరికి అమ్మ గొంతు తగ్గించి, "చూశావా, మొదటిసారి చూసిన మనిషిని పట్టుకుని వచ్చినవ్, తిను అంటుంది. ఈ వైపు వాళ్ళకి గారూ లేదు, అండీ లేదు" అంది. అప్పటికే రెండో సకినం నోట్లో ఉంది.

"అక్కా అంది కదమ్మా" అన్నాను.

"అక్కా అంటే అయిపోయిందా?"

మాది గోదావరి జిల్లా. మా వైపు గారు, అండి లేకుండా గొంతు పెగలదు. దొంగని పట్టుకున్నా "ఎక్కడికండీ పోతున్నారు" అంటారని బయటివాళ్ళు ఎగతాళి చేస్తారు, అందులో కొంత నిజం ఉంది. నేను కూడా చాలా ఏళ్ళు అమ్మలాగే అనుకున్నాను. మర్యాద మా కాలవగట్ల మీద పుట్టిందనీ, మిగతావాళ్ళు ఇంకా నేర్చుకుంటున్నారనీ. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. కారణం ఒక పాత కాయితం. దాని సంగతికి వస్తాను, ముందు ఈ మాట సంగతి చూద్దాం.

గారు సొంతంగా బతికే మాట కాదు. "ఒక గారు వచ్చారు" అని ఎవరూ అనరు. పేరుకో, వరసకో, హోదాకో అంటుకుంటేనే దానికి ఊపిరి: రావుగారు, అత్తగారు, కలెక్టరుగారు. కానీ దాన్ని దాని తోబుట్టువుల పక్కన నిలబెట్టి చూడండి. వాడు అనే మాటకి మనకి రెండు బహువచనాలు ఉన్నాయి. పదిమంది ఉంటే వాళ్ళు. ఒక్కరే ఉన్నా గౌరవంగా అనాలంటే వారు. ఇప్పుడు గాడు తీసుకోండి. పదిమంది ఉంటే గాళ్ళు: ఆటగాళ్ళు, పాటగాళ్ళు. ఒక్కరే ఉన్నా గౌరవంగా అనాలంటే? గారు. వాడు, వాళ్ళు, వారు. గాడు, గాళ్ళు, గారు. రెండు వరసలూ పక్కపక్కన పెట్టి రాసుకున్న రోజు నాకు కొంచెం తిక్కగా అనిపించింది. సుబ్బిగాడు అని చులకన చేసినా, సుబ్బారావుగారు అని నెత్తిన పెట్టుకున్నా చివర తగిలించేది ఒకే మాట. తేడా అల్లా ఒకటా, అంతకంటే ఎక్కువా అన్నదే.

అంటే తెలుగులో గౌరవం ఒక లెక్క. సుబ్బారావుగారు అన్నప్పుడు మనం ఒక్క సుబ్బారావుని నలుగురి కింద కడుతున్నాం. పక్క భాషలూ ఇదే లెక్క వేస్తాయి. కన్నడంవాళ్ళు పేరు చివర అవరు అంటారు, అంటే వారు. తమిళులు అవర్గళ్ అంటారు. అవర్ అంటేనే వారు, దాని మీద గళ్ అని ఇంకో బహువచనం. వాళ్ళు ఒక పిడికెడు ఎక్కువే వేశారు.

మనకి వారు కూడా పోలేదు. ఇంటిపేరుకి వారు, పేరుకి గారు. గురజాడ వారు, అప్పారావు గారు. గిడుగు వారు, రామమూర్తి గారు. ఇంటిపేరు అంటే ఇంటిల్లిపాదీ కదా, అక్కడ వారు సహజంగా కూర్చుంటుంది. ఈమధ్య సభల్లో, టీవీల్లో "గురజాడ గారు" అని వినిపిస్తోంది. తప్పని కొట్టిపారెయ్యలేను గానీ నా చెవిలో మాత్రం అన్నంలో రాయిలా తగులుతుంది.

ఇంకో మాట కూడా చెప్పాలి. గాడు పుట్టుకతో తిట్టు కాదు. మొనగాడు, అందగాడు, విలుకాడు, వీటిలో చులకన ఎక్కడుంది? స్నేహితుల మధ్య రవిగాడు అంటే ప్రేమ. మనవణ్ణి చిట్టిగాడు అనని అమ్మమ్మ ఉండదు, ముద్దొస్తే మనవరాల్ని కూడా అంటుంది. అలాగే గారు పుట్టుకతో గౌరవమూ కాదు. తెల్లారి పది దాకా పడుకున్న కొడుకుని చూసి "దొరగారు లేచారా" అంటే అందులో ఎంత గౌరవం ఉందో ఆ కొడుక్కి తెలుసు. "అమ్మాయిగారికి కోపం వచ్చింది" కూడా అంతే. మాట ఎటు తిరుగుతుందో మాటలో ఉండదు, ఎవరు ఎవరిని అంటున్నారో అక్కడ ఉంటుంది.

అండి కథ మరీ తమాషాగా ఉంటుంది. అది అసలు క్రియకి చివరి ముక్క. పాత పద్యాల్లో పదిమందికి చెప్పేటప్పుడు వినుఁడు, రండు అంటారు. వాడుకలో అవి వినండి, రండి అయ్యాయి. ఆ తర్వాత ఆ అండి క్రియని వదిలేసి ఊరి మీద పడింది. అవునండి, లేదండి, నేనేనండి, బస్సు ఇంకా రాలేదండి. చివరికి "ఏమండీ" దాకా వచ్చి కొన్ని లక్షల మంది మొగుళ్ళకి పేరైపోయింది. మొగుడి పేరు పైకి అనకూడదన్న రోజుల్లో ఒక క్రియా ప్రత్యయం ఆ పని చేసిపెట్టింది. పొరుగువాళ్ళ దగ్గర ఆయన్నే "మావారు" అంటారు. మా ఊళ్ళో ఎవరూ ఇందులో బహువచనం వినరు గానీ, విని చూడండి: ఒక్క మనిషి, మా-వారు.

ఈ బహువచనపు మర్యాద మొదటి నుంచీ ఉందనుకుంటే పొరపాటు. కడప జిల్లా కలమళ్ళలో క్రీ.శ. 575 ప్రాంతంలో వేయించిన శాసనం ఉంది, తెలుగులో మనకి దొరికిన తొలి శాసనంగా దాన్ని చెబుతారు. రేనాడుని ఏలిన రాజు పేరు అందులో ధనంజయుడు. డు! రాజు వేయించుకున్న రాతిలోనే ఆయన ఒక్కడు. నన్నయ భారతం తెరిచినా రాజుల్ని, ఋషుల్ని ఎదురుగా నిలబడి పిలిచేది దాదాపు ఎప్పుడూ నీవు అనే. ధర్మరాజుకి గారు లేదు, భీష్ముడికి మీరు లేదు. వాళ్ళ మధ్య మర్యాద లేదని ఏ పండితుడైనా అంటాడా? పెద్దాయన అని చెప్పడానికి వాళ్ళకి వేరే దారులున్నాయి, లెక్క పెంచే అవసరం రాలేదు.

దేవుడి దగ్గర ఈ లెక్క ఇంకా చిక్కుపడి ఉంటుంది. గుళ్ళో మైకులో "స్వామివారి కల్యాణం", "అమ్మవారి ఊరేగింపు". అదే మనిషి గర్భగుడి ముందు నిలబడితే "తండ్రీ, నువ్వే దిక్కు". భద్రాచల రామదాసు గోల్కొండ చెరసాల్లో కూచుని రాముణ్ణి నగల ఖర్చు అడిగింది కూడా నువ్వు అనే. మూడో మనిషికి చెప్పేటప్పుడు వారు, మొహం మీద నువ్వు. మశూచి వస్తే పల్లెల్లో "అమ్మవారు పోసింది" అనేవాళ్ళు. ముందు మాట బహువచనం, క్రియ ఏకవచనం. భయమూ చనువూ ఒకే వాక్యంలో సర్దుకున్నాయి.

ఇక ఇళ్ళలోకి వస్తే, మా వైపు చాలా ఇళ్ళల్లో నాన్న "నాన్నగారు, మీరు". అమ్మ "అమ్మా, నువ్వు". అమ్మగారూ అని పిలిచేది కన్నతల్లిని కాదు, పనిచేసే ఇంటి యజమానురాలిని. అన్నం ఎవరు పెట్టారో వాళ్ళకి నువ్వు, సంతకం ఎవరు పెట్టారో వాళ్ళకి మీరు. అమ్మ అంటే గౌరవం లేదని మేం ఎవరం ఒప్పుకోం, కానీ గారు మాత్రం గుమ్మం దాటి వంటింట్లోకి రాలేదు. తెలంగాణలో నాన్నని "బాపూ, తిన్నవా?" అని అడుగుతారు. ఆ ప్రశ్నలో ఏం తక్కువైందో నాకు ఎవరైనా చూపించాలి.

ఇప్పుడు కాయితం.

మా తాత పోయిన చాలా ఏళ్ళకి ఆయన ట్రంకుపెట్టె తీశాం. అడుగున ఒక పసుపుపచ్చ కవరులో కాలదోషం పట్టిన ప్రాంసరీ నోట్లు ఉన్నాయి, గుండుసూదులు తుప్పు పట్టి కాయితానికి అంటుకుపోయాయి. ఒకటి 1963 నాటిది. రూ. 150, నెల ఒకటికి నూటికి రూపాయిన్నర వడ్డీ. పైన మా తాత పేరు, ముందు శ్రీ, వెనక గారికి. ఆ కిందే "అదే గ్రామ కాపురస్తుడు" అని, మా పాలేరు పేరు. పేరు చివర గాడు. "నా కుటుంబ అవసరముల నిమిత్తం మీ వద్ద ఈ దినమున రొక్కముగా పుచ్చుకొన్నది" అన్న మామూలు వరస. అడుగున రెవెన్యూ స్టాంపు మీద వేలిముద్ర, పక్కన "ఇది ...గాడి నిశానీ" అని దస్తూరి రాసినవాడి చక్కటి అక్షరాలు. ఒకే సిరా, ఒకే చెయ్యి. గారికి దగ్గర గుడిని కాస్త పొడుగ్గా సాగదీశాడు కూడా.

ఆ పాలేరుని నాకు తెలుసు. నాకు ఆరేళ్ళున్నప్పుడు ఆయనకి అరవై దాటి ఉంటాయి. నన్ను భుజాన ఎక్కించుకుని చెరువుగట్టుకి తీసుకెళ్ళేవాడు (తీసుకెళ్ళేవారు అని రాయడానికి ఇప్పుడు కూడా నా చెయ్యి ఒక క్షణం ఆగింది, చూడండి). ఆయన నన్ను "చినబాబుగారు" అనేవారు. నేను ఆయన్ని ఒరేయ్ అనేవాణ్ణి. ఆరేళ్ళ పిల్లాడికి గారు, అరవై ఏళ్ళ మనిషికి గాడు. ఎవరూ నన్ను ఆపలేదు. మా ఇంట్లో మర్యాద తెలియనివాళ్ళు ఒక్కరూ లేరు. చుట్టాలొస్తే కాళ్ళకి నీళ్ళిచ్చే దగ్గర నుంచి తాంబూలం దాకా ఏదీ తప్పేది కాదు.

ఆయన అసలు పేరు ఓటరు లిస్టులో అయ్య తోనే ఉంది. అయ్య అంటేనే తండ్రి, పెద్ద. ఆ పేర్లతో ఊళ్ళు చేసిన పని గమనిస్తే చాలు: వెంకయ్యలో అయ్యని కోసేసి వెంకి, దానికి గాడు. పోలయ్యలో అయ్యని కోసేసి పోలి, దానికి గాడు. కన్నవాళ్ళు పేరులోనే కలిపి పెట్టిన గౌరవాన్ని ముందు తీసేస్తేగానీ గాడు అతుక్కోదు. అదేదో అలవాటుగా నోటికొచ్చింది అంటే నేను నమ్మను. అంత పనితనం ఊరికే రాదు.

అందుకే "గారు పోతోంది, ఈ కాలం పిల్లలకి మర్యాద లేదు" అని ఎవరైనా వాపోతే నాకు పెద్దగా దిగులు పుట్టదు. గారు ఎప్పుడూ అందరిదీ కాదు. రేషను బియ్యంలా కార్డు ఉన్నవాళ్ళకే ఇచ్చాం. అది ఎంతమందికి అన్నామో చెప్పుకుని మురిసిపోతాం, ఎవరికి అనలేదో ఆ లిస్టు ఎప్పుడూ తియ్యం.

ఇప్పుడు మాత్రం తీశామా? మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు చూడండి. శర్మగారు, రెడ్డిగారు, రెండో ఫ్లోర్ మేడం గారు. అదే గ్రూపులో "వాచ్‌మన్ ఇంకా మోటర్ వెయ్యలేదు", "మా పనమ్మాయి రాలేదు, మీ పనమ్మాయి వచ్చిందా". ఆ పనమ్మాయికి యాభై రెండేళ్ళు, ఇద్దరు మనవలు.

పేపర్లు ఇంకా ముచ్చటగా ఉంటాయి. అక్కడ గారు రాయరు, స్థలం వృథా. ఆ పని క్రియ చేస్తుంది. మంత్రి చెప్పారు, దొంగ చెప్పాడు. సెల్ ఫోన్ కొట్టేసినవాడు పట్టుబడ్డాడు, కోట్లు మింగిన ఆరోపణ మీద నాయకుడైతే అరెస్టయ్యారు. నేరం రుజువు కాకముందే ఒకరికి రు, ఒకరికి డు. పొద్దున్నే కాఫీ తాగుతూ వార్త చివర ఆ ఒక్క అక్షరం చూస్తే చాలు, మనిషి అంతస్తు తెలిసిపోతుంది.

ఆడవాళ్ళ దగ్గర ఈ అక్షరం ఇంకా ఖరీదైనది. రాముడు వచ్చాడు, సీత వచ్చింది, ఆవు వచ్చింది. హైస్కూల్లో మహద్వాచకం, అమహద్వాచకం అని బట్టీ పట్టాం గానీ ఆ రెండో వాక్యాన్నీ మూడో వాక్యాన్నీ పక్కపక్కన పెట్టి ఏ మాస్టారూ ఆగలేదు. నలుగురు సీతలు కలిస్తే వచ్చారు, అప్పుడు మనుషుల లెక్క. ఒక్కతే ఉంటే ఆవు లెక్క. మగవాడికి గౌరవం తీసేస్తే వచ్చారు నుంచి వచ్చాడుకి దిగుతాడు, ఇంకా మనిషే. ఆడమనిషికి తీసేస్తే వచ్చారు నుంచి ఒకేసారి వచ్చిందికి పడుతుంది, మధ్యలో మెట్టు లేదు. ఆమె, ఆవిడ అని ముందు ఎంత మెత్తగా అన్నా క్రియ దగ్గరకొచ్చేసరికి వచ్చిందే. కాబట్టి గారు దండగ, ఎత్తేద్దాం అనేవాళ్ళతో నేను సగమే కలుస్తాను. తెలుగులో ఒక్క ఆడమనిషిని ఆవు పక్క నుంచి ఇవతలికి తెచ్చే దారి ఈ బహువచనం ఒక్కటే. దాన్ని ఎత్తేసే ముందు ఇంకో దారి వెయ్యాలి.

మళ్ళీ మా అమ్మ ఫిర్యాదు దగ్గరికి. ఏకవచనం అంటే అమర్యాద అనుకుంటే తెలంగాణ చరిత్ర అసలు అర్థం కాదు. ఈ నేల మీద మనిషి ఇంకో మనిషి ముందు అనాల్సొచ్చిన మాటల్లో అన్నిటికంటే కింద ఉన్న మాట "నీ బాంచెన్ దొరా, నీ కాల్మొక్త". బాంచెన్ అంటే బానిసని. అంత ఒంగిపోయిన మాటలో మీరు లేదు, నీ ఉంది. నీ అన్నంత మాత్రాన ఎవరూ దొరతో సమానం కాలేదు. ఆ మాట అననని 1946 నుంచి 1951 దాకా సాయుధంగా తిరగబడాల్సి వచ్చింది. అదే దొర అనే మాట మా గోదావరి ఒడ్డున ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొరకి పెట్టుకున్నాం, ఆయన ఫొటోకి దండలేస్తాం. మాట ఒకటే, ఒక ఒడ్డున దండం, ఇంకో ఒడ్డున దడ.

మీరు అన్నా బానిసగా ఉండొచ్చు, నువ్వు అన్నా బానిసగా ఉండొచ్చు. మరి దేన్ని చూడాలి? నేను ఒక్కటే చూస్తాను: అన్న మాట తిరిగి వస్తుందా లేదా. ఓనరమ్మ మా అమ్మని అక్కా అంది. మా అమ్మ కావాలంటే ఆవిణ్ణి చెల్లీ అనొచ్చు, నువ్వు అనొచ్చు, ఆవిడ ఏమీ అనుకోదు. దారి రెండు వైపులా తెరిచే ఉంది. మా తాత అందుకున్న గారు ఒక్కసారి కూడా వెనక్కి వెళ్ళలేదు. వన్ వే.

ఈ జ్ఞానోదయం అయిన కొత్తలో ఒక ప్రయోగం చేశాను. మా వాచ్‌మన్‌ని పేరు పెట్టి, చివర గారు చేర్చి పిలిచాను. ఆయన చేతిలో నీళ్ళ పైపు కింద పెట్టి, టెన్షన్‌గా దగ్గరికొచ్చి, "ఏమైంది సార్, నా మీద ఏమన్న కంప్లైంట్ ఇచ్చిన్రా?" అన్నాడు. లేదన్నా నమ్మలేదు. నేను వెటకారం చేస్తున్నాననుకుంటున్నట్టు ఆయన మొహంలో తెలుస్తూనే ఉంది. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయనకి గారు అలాగే వినిపించి ఉంటుంది. రెండు వారాలు నన్ను చూస్తే తప్పుకుని తిరిగాడు. చివరికి "అన్నా, జర గేటు తీస్తరా" దగ్గర ఇద్దరం కుదురుకున్నాం. అన్నా ఆయన ఊరిది, తీస్తరాలో రా నేను తెచ్చుకున్నది.

పోయిన వేసవిలో ఊరెళ్ళాను. రామాలయం అరుగు మీద ఆ పాలేరు కొడుకు కనిపించారు. డెబ్బై దాటాయి, చూపు తగ్గింది. గొంతు బట్టి పోల్చుకుని లేచి నిలబడబోయారు. "చినబాబుగారేనాండీ? ఎప్పుడొచ్చారండీ?" కూర్చోమని భుజం పట్టుకున్నాను. అలా పిలవొద్దండీ, నేను మీ కంటే చాలా చిన్నవాణ్ణి అన్నాను. ఆయన నవ్వి, "మరి ఏమని పిలవమంటారండీ?" అన్నారు.

పేరు పెట్టి పిలవమందామంటే నోట్లోంచి రాలేదు. బాబూ అందామంటే అది సగం పాతదే. నేను వెతుక్కుంటూ ఉండగానే అరుగు కింద ఎవరో హారన్ కొట్టారు. ఆయన మనవడు, ఇంజినీరింగ్ రెండో సంవత్సరమట, తాతని ఎక్కించుకోవడానికి వచ్చాడు. నేను దారికి అడ్డంగా నిలబడి ఉన్నాను.

"అంకుల్, కొంచెం జరుగుతారా, బండి తిప్పుకోవాలి."

జరిగాను.